తేనెటీగ లేని పాలీహౌసు



రామప్ప చెరువు క్రింద సాగుచేయు మన పాలంపేట రైతు నీటిని గూర్చి యోచించును, ఎరువును గూర్చి యోచించును, తెగులును గూర్చి యోచించును. పూచిన పూవు కాయగా మారుటకు నడుమ నొక పని జరుగవలసియున్నదనియు, ఆ పనిచేయు కూలివాడొకడు కలడనియు మాత్రము యోచింపడు. వరిపూవు తన పనిని తానే చేసికొనును గనుక వరి రైతునకు ఆ చింత లేదు. బీర, సొర, గుమ్మడి, పుచ్చ మొదలగు పాదులకు తేనెటీగయు దానివంటి పురుగులును వచ్చి, పిలువకయే పనిచేసి, కూలి యడుగకయే పోవుచున్నవి. కూలి యడుగని వానిని ఎవరును లెక్కలో వ్రాయరు. వాడు రాని నాడే వాని విలువ తెలియును.

ఇప్పుడు మనలో కొందరు పాలీహౌసులును, నెట్‌హౌసులును వేసికొని క్రొత్త పంటలు పెట్టుచున్నారు. వారికిని, వారికి అప్పిచ్చు సంఘమునకును నేను చెప్పదలచినది ఒక్కటే. పందిరిని మూసినవాడు లోపలి పూవులకు పుప్పొడి నందించు భారమును తన నెత్తికి ఎత్తుకొనుచున్నాడు. ఆ భారమును ఎవరు మోయుదురో ముందుగా నిశ్చయింపక సంఘము అప్పు ఈయరాదు, సభ్యుడు తీసికొనరాదు.

ఇది పుస్తకమున చదివిన మాట కాదు. నా తప్పువలన నేర్చుకొనిన మాట.

2021 చివరను నల్ల తామర పురుగు మన వరంగల్లు, ములుగు, భూపాలపల్లి ప్రాంతముల మిరపతోటలను పాడుచేసిన సంగతి సభ్యులెవరును మరచియుండరు. పూత పూతగానే రాలిపోయినది. ఆ దెబ్బ తిన్న రైతొకడు మరుసటి యేట మిరపను విడిచి, అప్పు చేసి, 10 గుంటల నెట్‌హౌసు వేసికొనెను. అంతకుముందు 2021 జూలైలో రామప్ప గుడి యునెస్కో వారి ప్రపంచ వారసత్వ పట్టికలో చేరియుండెను. యాత్రికుల రాక పెరుగును, బాటప్రక్కనే చిన్న పెట్టెలలో పెట్టి స్ట్రాబెర్రీ అమ్ముకొనవచ్చును అని అతని ఆలోచన. మహాబలేశ్వరమునుండి మొక్కలు తెప్పించి చలి ముదరకముందే నాటెను. నన్ను సలహా అడిగెను. తామర పురుగు భయము నాకును తక్కువ కాదు. వల కన్ను సన్ననిది కొనుమంటిని, ద్వారమునకు రెండు తెరలు కట్టుమంటిని, చీమ దూరు సందైనను ఉంచవలదంటిని. అతడు నేను చెప్పినట్లే చేసెను. అది నా తప్పు.

మొక్క చక్కగా ఎదిగినది. పూత విరివిగా వచ్చినది. సంక్రాంతికి ముందు అతడు మా యింటికి వచ్చి గుప్పెడు కాయలు నా చేతిలో పోసెను. ఒకటి చెవివలె వంగియున్నది, ఒకటి బొత్తామంత చిన్నది, ఒకదాని కొన పచ్చగా గట్టిపడి గింజలన్నియు అచ్చటనే గుమిగూడియున్నవి. “సారూ, పూత మస్తుగ వచ్చింది. కాయ చూస్తే గిట్లున్నది. నీళ్ల తప్పా, ఎరువు తప్పా? చెప్పు సారూ, కిస్తీ దగ్గరికొచ్చింది” అనెను. నేను ఎరువు తప్పేమో యంటిని. అతడు దుకాణమునకు పోయి బోరాను తెచ్చెను, పూతమందు తెచ్చెను, మరియొకటి తెచ్చెను. డబ్బు పోయినది, కాయ మారలేదు.

కొన్ని దినములకు నేను స్వయముగా పోయి చాళ్ల వెంట నడచితిని. ఇంటి వెనుక మూలను ఒకచోట వల చినిగియుండెను. ఆ చినుగునకు దగ్గరి రెండు చాళ్లలోని పండ్లు మాత్రము గుండ్రముగా, నిండుగా, ఎఱ్ఱగా నున్నవి. అదే నీరు, అదే ఎరువు, అదే నేల. నేను నిలుచుండగనే ఆ చినుగునుండి తేనెటీగ యొకటి లోనికి వచ్చి పూవుమీద వ్రాలినది.

నేను చదివిన మిషను బడిలో తోటపని కూడ ఒక పాఠము. మా మాష్టరుగారు గుమ్మడి మగపూవును తెంపి, రేకులు ఒలిచి, ఆడపూవు నడుమ రాచి చూపి, “ఇది ఈగ చేయు పని” అని చెప్పిన దినము నాకు అప్పుడు జ్ఞాపకము వచ్చినది. ఆ పాఠము నేర్చి ముప్పది యేండ్లైనను అక్కరకు వచ్చిన వేళ మరచితిని. ఆ దినముననే మేము 20 పూవులకు ఎఱ్ఱదారము కట్టి మెత్తని కుంచెతో పుప్పొడి నంటించితిమి. మరి 20 పూవులకు తెల్లదారము కట్టి ముట్టక విడిచితిమి. నెల తిరుగునప్పటికి ఎఱ్ఱదారపు కాయలు దాదాపు అన్నియు నిండుగా వచ్చినవి, తెల్లదారపువి పెక్కులు వంకరపోయినవి. అప్పటికి పంటలో సగము చేయిజారినది.

దీనికి కారణము తెలిసికొందము. స్ట్రాబెర్రీలో మనము తినునది నిజమునకు పండు కాదు, పూవు కూర్చున్న పీట ఉబ్బి కండపట్టినది. దానిపై నువ్వుగింజలవలె కనబడునవే అసలు పండ్లు. పూవు నడుమ సన్నని కీలములు వందల కొలది గుబ్బగా నిలిచియుండును. వాని చుట్టును ఇరువది ముప్పది కేసరములు పుప్పొడితో నుండును. ఏ కీలమునకు పుప్పొడి అంటునో దాని గింజయే కట్టును. కట్టిన గింజ ఆక్సిన్ అను రసమును పుట్టించి తన క్రింది కండను ఉబ్బజేయును. గింజ కట్టని చోట కండ లేవదు. 1950లో నిచ్ అను శాస్త్రజ్ఞుడు లేత పిందెపై గింజలను తీసివేయగా దాని పెరుగుదల ఆగిపోయెను. గింజలకు బదులుగా ఆక్సిన్ పూయగా అది మరల పెరిగెను. కాబట్టి వంకరకాయ యనగా పుప్పొడి ఎచ్చటికి చేరలేదో చూపు పటము వంటిది.

ఒకే పూవున ఆడ, మగ భాగములు రెండును ఉండగా ఈగతో పనియేమి అని కొందరడుగుదురు. కేసరములు అంచున నున్నవి, కీలముల గుబ్బ నడుమ నున్నది. రాలిన పుప్పొడి దగ్గరి కీలములకు అంటును గాని కొనవరకు పోదు. బయటి పొలమున గాలి పూవును ఊపి కొంత పని చేయును. తేనెటీగ గుబ్బ చుట్టును తిరిగి మిగిలిన పనిని ముగించును. పెద్ద ఈగలు పైభాగమున, చిన్నవి క్రిందిభాగమున ఎక్కువగా తిరుగును గనుక రెండు జాతులున్న చోట కాయ మరింత నిండును. జర్మనీలోని గోట్టింగెన్ పరిశోధకులు 2014లో ప్రకటించిన పరీక్షలలో, తేనెటీగలు ముట్టిన పూవుల పండ్లు తక్కినవానికన్న బరువుగను గట్టిగను ఉండి, వంకరలు తక్కువై, ఎక్కువ దినములు నిలువయున్నవి. మెత్తని పండును దూరము పంపవలసిన రైతునకు ఆ గట్టిదనమే లాభము.

ఈ పండు చరిత్రయే పుప్పొడి చరిత్ర. 1714లో ఫ్రెజియే అను ఫ్రెంచి దేశస్థుడు చిలీ దేశమునుండి పెద్దపండ్ల జాతి మొక్కలను తన దేశమునకు తెచ్చెను. అవి పూచెను గాని కాయలేదు, ఏలయన తెచ్చినవన్నియు ఆడమొక్కలే. మన తాటివనములో పోతుతాళ్లు లేనట్లయినది. తరువాత వానిని ఇతర జాతుల చెంత నాటినవారికి పండ్లు వచ్చెను. దుషేను అను యువకుడు 1764లో ఆ రహస్యమును పరీక్షచేసి నిరూపించెను. ఉత్తర అమెరికా జాతియు ఈ చిలీ జాతియు కలిసి పుట్టిన సంతతియే నేడు లోకమంతట సాగగు స్ట్రాబెర్రీ. పుప్పొడి దొరకక ఆనాటి తోటమాలులు పడిన పాటే, వల మూసికొనిన మన రైతు 2022లో పడెను.

ఇక చేయవలసిన పని. పెరటి కుండీలలో పది ఇరువది మొక్కలున్నవారికి మెత్తని కుంచె చాలును. మంచు ఆరిన పిమ్మట, పగలు 10 గంటలకు మొదలుపెట్టి 2 గంటలలోపల చేయవలయును. అప్పుడే పుప్పొడి పొడిగా రాలును. మొదట అంచుననున్న కేసరములను, తరువాత నడిమి గుబ్బను అడుగునుండి కొనవరకు గుండ్రముగా, గాయము కాకుండ తాకవలెను. విచ్చిన పూవును రెండు మూడు దినములు వరుసగా ముట్టిన మేలు. లోపల తేమ మిక్కుటమైనచో పుప్పొడి ముద్దకట్టును, ఎండ మిక్కుటమైనచో చచ్చును. ప్రొద్దుననే ప్రక్క తెరలెత్తి గాలి ఆడనిచ్చుట కుంచెకన్న ముందు చేయవలసిన పని.

10 గుంటల ఇంటికి కుంచె చాలునా? లెక్క చూతము. మొక్కలు 5,000 అనుకొనుడు. పూత నిండుగా నున్నప్పుడు మొక్కకు రెండు పూవుల చొప్పున దినమునకు 10,000 పూవులు. పూవునకు 3 సెకండ్లైనను 30,000 సెకండ్లు, అనగా 8 గంటల 20 నిమిషములు. మనకున్న అదను 4 గంటలే గనుక ఇద్దరికి పైగా మనుషులు కావలెను. ప్రతి పూవును రెండు దినములు ముట్టవలెనన్న నలుగురికి పైమాటే. అదియు వారమునకొకసారి కాదు, పూత ఉన్నన్నాళ్లు ప్రతిదినము. మన ఆడవారికి ఈ పని చేతకాదని నేననను. గద్వాల ప్రాంతమున సంకర పత్తి విత్తనమునకై సాయంకాలము కేసరములు తీసి, మరునాటి ఉదయమున పుప్పొడి నంటించు క్రాసింగు పనిని చేసినది ఆడవారే. పత్తివిత్తనము ధర ఆ కూలిని మోసినది. స్ట్రాబెర్రీ ధర మోయునా యని ముందే లెక్కించుకొనవలయును.

కుంచెకు మారుగా తేనెటీగల పెట్టె కలదు. జపాను దేశమున స్ట్రాబెర్రీ ఇండ్లలో వేయిచదరపు మీటర్లకు, అనగా మన 10 గుంటలకు, ఒక పెట్టె చొప్పున పెట్టుట వాడుక. యూరపు ఖండమున 1980 తరువాతి దశాబ్దమునుండి బంబుల్ అను బొద్దు తేనెటీగలను పెంచి ఇండ్లలో విడుచుచున్నారు. అవి చలికొండల జాతి, మన మైదానములకు తగవు. మనకు చెట్టు తొర్రలలో అరలు కట్టు దేశవాళీ తేనెటీగ ఉన్నది. దానికి తగిన చిన్న పెట్టెను తిరుచిరాపల్లిలోని న్యూటన్ అను క్రైస్తవ ఫాదరీ నూరేండ్లకు పూర్వమే తయారుచేసి, 1911 మొదలు 1917 వరకు గ్రామస్థులకు పెంపకము నేర్పెను. నేటికిని ఆ పెట్టెకు ఆయన పేరే. పాడుగోడల సందులలో కాపురముండు కుట్టని చిన్న ఈగయు పనికివచ్చును.

అయితే పెట్టె తెచ్చిపెట్టినంతమాత్రమున పని తీరదు. స్ట్రాబెర్రీ పూవున తేనె తక్కువ గనుక లోపల బందీయైన ఈగలకు పంచదార నీరు పోయవలెను, ప్రక్కను త్రాగునీరు పెట్టవలెను, పెట్టెపై నీడ యుండవలెను. పూత లేనప్పుడు ఈగలు మిక్కుటమైనచో ఉన్న నాలుగు పూవులనే మరల మరల త్రొక్కి కీలములను నల్లబరచును, అప్పుడును కాయ వంకరపోవును. అల్ట్రావయొలెట్ కిరణములను పూర్తిగా అడ్డు పరదా క్రింద ఈగలకు దారి తెలియదు, కాబట్టి పరదా కొనునప్పుడే అడుగవలెను. ఈగలున్న ఇంటిలో పురుగుమందు కొట్టుట పనివానికి కూలికి బదులు విషము పెట్టుట.

అన్ని పంటలకును ఈ బాధ లేదు. పాలీహౌసుల కొరకు పుట్టించిన గింజలేని దోస పుప్పొడి లేకయే కాయును, దానికి ఈగ తగిలిననే గింజ కట్టి కాయ చెడును. టమాటాకును బెంగుళూరు మిరపకును పూవు కొంచెము ఊగినచో చాలును. కాని విత్తు గల దోస, పుచ్చ, కర్బూజ, స్ట్రాబెర్రీ వీనిని మూసిన ఇంట పెట్టువాడు ముందుగా ఈగను గూర్చి యోచింపవలయును. తెలంగాణ ప్రభుత్వము 2014 తరువాత పాలీహౌసులకు నూటికి 75 వంతుల రాయితీ ప్రకటించినప్పుడు పైపును, పరదాను, డ్రిప్పును లెక్కగట్టుట నేను చూచితిని. అట్టి లెక్కలో తేనెటీగకు ఒక పంక్తి ఉండవలెనని నా వాదము.

పాలీహౌసు లేని సభ్యుడు “ఇది నా గొడవ కాదు” అనుకొనరాదు. వంకరపోయిన పుచ్చకాయ, కొన ఎండిన సొరపిందె అతని పాదునను కనబడుచున్నవి. నల్ల తామర పురుగు వచ్చిన యేట మనము మిరపపై కొట్టిన మందులకు లెక్కలేదు. ఆ మందు పురుగునే వెదకి చంపదు, పూవుపై నున్న ఈగనుకూడ చంపును. యూరపు దేశములవారు 2018లో ఇమిడాక్లోప్రిడ్ మొదలగు మూడు మందులను బయటి పొలములలో వాడరాదని నిర్ణయించినది తేనెటీగల కొరకే. ఒక చిన్న పురుగు విలువ ఆయిల్‌పామ్ రైతులకును తెలియవలసినదే. మలేషియాలో ఆ తోటలకు మనుషులు చేతులతో పుప్పొడి చల్లుచుండగా, 1981లో ఆఫ్రికానుండి ఒక ముక్కుపురుగును తెచ్చి విడిచిరి. ఆ కూలిపని అంతయు అది తన మీద వేసికొనెను. 1985లో అదే పురుగును కేరళమునకు తెచ్చిరి.

కావున మన సంఘము ముందు మూడు సంగతులు పెట్టుచున్నాను. మొదటిది, పాలీహౌసు, నెట్‌హౌసుల అప్పు దరఖాస్తులో “ఏ పంట, పుప్పొడి నందించు ఏర్పాటు ఏమి” అను ప్రశ్న యుండవలెను. రెండవది, సంఘము తన సొమ్ముతో కొన్ని తేనెటీగల పెట్టెలు కొని, శిక్షణ పొందిన యువకునొకని చేతికిచ్చి, సభ్యులకు బాడుగకీయవలెను. చలికాలమున ఆ పెట్టెలు మూసిన ఇండ్లలో నుండును, తక్కిన కాలమున నువ్వు, పొద్దుతిరుగుడు, పాదుల చెంత నుండును. కేంద్ర ప్రభుత్వము 2020లో తేనెటీగల పెంపకమునకు 500 కోట్ల రూపాయల పథకమును ప్రకటించినది. ఒంటరి రైతుకన్న సంఘము అట్టి సహాయమును సులభముగా అడుగగలదు. మన అడవిపల్లెల కోయ సోదరులకు తేనెటీగల నడత పుట్టుకతో తెలిసిన విద్య, ఆ యువకుడు వారినుండియే రావచ్చును. మూడవది, పూతకాలమున ఉదయము మందు కొట్టరాదనియు, ప్రొద్దు గ్రుంకిన పిమ్మటనే కొట్టవలెననియు, పెట్టెలున్న పొరుగువానికి ముందుదినమే చెప్పవలెననియు సభ్యులు కట్టుబాటు చేసికొనవలెను.

ఈగలు కుట్టునని కొందరు, పెట్టెలకు ఖర్చగునని కొందరు అందురు. ఎద్దు పొడుచునని అరక మానితిమా? పెట్టె ఖర్చు ఒక సభ్యునికి బరువే, పదిమందికి బరువు కాదు. అందుకే గదా సంఘము పుట్టినది. మూసిన ఇంటిలో కొన్ని ఈగలు చచ్చుననుట నిజము. ఆ నష్టము తెలిసియే పూత ముగియగానే పెట్టెను బయటికి తీసి బలపడనీయవలెను.

రేచర్ల రుద్రుడు 1213లో మన ఊర గుడి కట్టించెను. ఆ కాలపు చెరువు నీటిని మనము నేటికిని వాడుకొనుచున్నాము. చెరువునీరు ఒక్కనిది కాదు గనుకనే నీరటికాడు, తూము, వంతు అను ఏర్పాట్లు పుట్టినవి. పై మడివాడు తూము మూసికొనిన క్రింది మడి ఎండును. తేనెటీగయు అట్టిదే. దానికి గట్టులేదు, సర్వే నంబరు లేదు. నా చేనిలో కొట్టిన మందు నీ పాదులోని పిందెను రాల్చును. నీరు కంటికి కనబడును గనుక దానికి కట్టుబాటు చేసికొంటిమి, ఈగ కనబడదు గనుక విడిచితిమి.

ఆ రైతు సంగతి చెప్పి ముగింతును. సంఘము వారు అతని కిస్తీకి గడువిచ్చిరి. మరుసటి చలికాలమున అతడు పూత వేళ ఉదయము ప్రక్క వలలు ఎత్తెను, ఒక పెట్టె తెచ్చి నీడను పెట్టెను. కాయ సరిగా వచ్చినది. అప్పు తీరుటకు ఇంకను కొంతకాలము పట్టును, ఏలయన పోయిన పంట తిరిగిరాదు. చినిగిన ఆ వల మూలను అతడు కుట్టలేదు. “సారూ, మనకు చదువు చెప్పింది గదే, ఉండనియ్యి” అనెను. సంఘపు తరువాతి సమావేశమున ఈ మూడు సంగతులను సభ్యులు చర్చకు తీసికొందురు గాక.

— ఒక వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరు, పాలంపేట